టర్బో రోటరీకి కాపలా ఎవరు?

హాజీపూర్ చౌరస్తా దాటి మన్ననూర్ ఘాట్ ఎక్కేటప్పుడు లోడు బండ్ల డ్రైవర్లు తిట్టే తిట్లలో సగం ఇంజిన్ కంప్యూటర్‌కే తగులుతాయి. రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతున్న బొలెరో పికప్‌కు ఉన్నట్టుండి పసుపు లైటు వెలుగుతుంది. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా బండి లాగదు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే నడక వేగంతో పైకి పాకి, చెక్‌పోస్టు దగ్గర పక్కకు ఆపుకోవాల్సిందే. అచ్చంపేట నుంచి మెకానిక్ వచ్చి స్కానర్ పెడితే కామన్ రైల్ గొట్టంలో డీజిల్ ప్రెషర్ పడిందనో, టర్బో గాలి లెక్క మించిందనో ఒక కోడ్ చూపిస్తుంది. ఫిల్టర్ మారుస్తాడు, కోడ్ చెరిపేస్తాడు, బండి మళ్లీ మామూలుగా లాగుతుంది. డ్రైవర్‌కు ఒక పూట పోయింది. ఇంజిన్ మాత్రం పోలేదు.

ఇదే లింప్ మోడ్. ఇంధనం కొలిచి పోయడం, సమయానికి మండించడం కంప్యూటర్ పనులని అందరికీ తెలుసు. లెక్క ఎక్కడో తప్పిందని పసిగట్టగానే బండి బలం కోసేసి ఇంజిన్‌ను బతికించడం కూడా దాని పనే, కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి పరీక్షించి రాసిన పని. సొంతంగా కారు కట్టుకునేవాళ్లు ఫ్యాక్టరీ కంప్యూటర్ పీకి బయట కొన్నది పెట్టినప్పుడు ఆ కాపలాదారును కూడా ఇంటికి పంపించేస్తారు. కొత్త డబ్బా ఖాళీగా వస్తుంది. కాపలా ఎవరో ఒకరు కొత్తగా రాయాలి. టర్బో పెట్టిన రోటరీ ఇంజిన్‌కు ఏ కంప్యూటర్ కొనాలన్న ప్రశ్నను నేను చూసేది ఈ వైపు నుంచే. ఎంత బలం ఇస్తుందన్నది తర్వాతి సంగతి.

ప్రశ్న నాది కాదు. డాలస్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడిది. పాత మజ్డా ఆర్ఎక్స్-7 ఒకటి కొని గ్యారేజీలో పెట్టుకున్నాడు. "మామా, ఏ ఈసీయూ కొనాలె? ఒక్క పేరు చెప్పు చాలు" అంటాడు. ఈసీయూ అంటే ఈ ఇంజిన్ కంప్యూటరే. ఆ ఒక్క పేరు చెప్పాలంటే ముందు నాలుగైదు సంగతులు తేలాలి.

ఇలాంటి ప్రశ్న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎవరూ ఎందుకు అడగరో ముందు చెప్పుకోవాలి. పాత కారు మన దేశంలోకి దిగుమతి కావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు. ఆర్ఎక్స్-7 తయారీ 2002లోనే ఆగిపోయింది. ఎలాగో కారు ఉందనుకున్నా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అంచేత మన కుర్రాళ్ల రోటరీ ముచ్చట తీరేది అమెరికాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో.

మనకు దగ్గర్లో రోటరీ తిరిగింది రోడ్డు మీద కాదు, ఆకాశంలో. కోలార్ ప్రాంతంలో 2009లో నిశాంత్ అనే మానవరహిత విమానం మన దేశంలో తయారైన వాంకెల్ (రోటరీ) ఇంజిన్‌తో ఎగిరింది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, డీఆర్‌డీవో సంస్థలైన ఏడీఈ, అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ కలిసి చేసిన ఇంజిన్ అది. ఒకే రోటర్, 55 హార్స్‌పవర్, బరువు సుమారు 30 కిలోలు. అంతవరకు బయటి దేశం ఇంజిన్ వాడేవారు. గాల్లోకి వదిలే ముందు ఆ ఇంజిన్‌ను నేల మీద గంటల తరబడి నడిపి, ధ్రువీకరణ సంస్థ సరేనన్నాకే ఎగరనిచ్చారు. గ్యారేజీలో కారు కట్టేవాడికి ఆ సదుపాయం లేదు. అతని ధ్రువీకరణ సంస్థ కంప్యూటర్‌లో లెక్కలు రాసిపెట్టే ట్యూనరే.

ఇక ఇంజిన్ సంగతి. జర్మనీ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనను ఎన్ఎస్‌యూ కంపెనీ 1964లో స్పైడర్ కారులో పెట్టి అమ్మింది. మజ్డా 1967లో కాస్మో స్పోర్ట్‌తో అందుకుంది, మిగతా కంపెనీలన్నీ వదిలేశాక కూడా పట్టు విడవలేదు. 1982లో కాస్మోకే టర్బో తగిలించింది. 1985లో వచ్చిన రెండో తరం ఆర్ఎక్స్-7ను ఎఫ్‌సీ అని, 1991లో వచ్చిన మూడో తరాన్ని ఎఫ్‌డీ అని అభిమానులు పిలుస్తారు. రెండింట్లోనూ ఉన్నది 13బి ఇంజినే: ఒక్కోటి 654 సీసీ చొప్పున రెండు రోటర్లు. 1991లోనే నాలుగు రోటర్ల 787బి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. అయితే దానికి టర్బో లేదు. రోటరీ ఖ్యాతి ఒకవైపు, టర్బో రోటరీ కష్టాలు మరోవైపు అనుకోవచ్చు.

పిస్టన్ లేదు, వాల్వులు లేవు. మూడు మూలల రోటర్ గుడ్డు ఆకారపు గదిలో తిరుగుతూ గాలి పీల్చి, నొక్కి, మండించి, వదులుతుంది. ఆ మూడు మూలల్లో గోడకు ఒరుసుకుంటూ ఉండే సన్నని పట్టీలే అపెక్స్ సీళ్లు. ఎఫ్‌డీలో వాటి మందం 2 మిల్లీమీటర్లు. టర్బో ఒత్తిడి మీద మిశ్రమం తనంతట తాను పేలితే, అంటే మెకానిక్‌లు నాకింగ్ అనేది జరిగితే, ఆ పట్టీ విరుగుతుంది. విరిగిన ముక్క గది గోడను గీసి, ఎగ్జాస్ట్ దారిన పోతూ టర్బో రెక్కలను కూడా కొట్టేస్తుంది. మామూలు పిస్టన్ ఇంజిన్ కొన్ని నాక్‌లను భరించి మనకు హెచ్చరిక ఇస్తుంది. టర్బో రోటరీ హెచ్చరిక వినిపించేటప్పటికే పని అయిపోయి ఉంటుంది. నాక్ సెన్సర్ పెట్టినా అంతే. సీళ్లు గోడను ఒరిసే చప్పుడులో అసలు నాక్‌ను వేరు చేయడం కష్టం. ట్యూన్ చేసేటప్పుడు దాన్ని చెవిగా వాడుకోవచ్చు గానీ రోడ్డు మీద దాని భరోసాతో టైమింగ్ (నిప్పు వెలిగే సమయం) పెంచుకుంటూ పోకూడదు.

ఇక్కడే కంప్యూటర్ ప్రకటనల్లో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజిన్‌లో ఒక సిలిండర్‌కు రెండు చుట్లకు ఒకసారి ఇంధనం కావాలి. రోటరీలో షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి రోటర్‌కూ ఒక పేలుడు జరగాలి. 7,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ ఇంజిన్‌కు ఒక విడతకు 17 మిల్లీసెకన్లు దొరికితే రోటరీకి దొరికేది 8.6 మాత్రమే. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే ఒక మిల్లీసెకను దాకా పోతుంది. అందుకే ఒక్కో రోటర్‌కు ఒక చిన్న ఇంజెక్టర్, ఒక పెద్దది పెడతారు. చిన్నవి ఐడ్లింగ్‌లో, నిదానపు నడకలో పనిచేస్తాయి, బరువు పడ్డాక పెద్దవి తోడవుతాయి. ఎఫ్‌డీ ఫ్యాక్టరీ కొలతలు 550, 850 సీసీలు. ఆ రెండో జత అందుకునే చోట మిశ్రమం ఒక్క క్షణం కూడా పలచబడకుండా చూడటం కంప్యూటర్ పని. దీనికి ప్రత్యేకంగా సెట్టింగ్ లేని డబ్బాను రోటరీ కోసం పరిశీలించనే అక్కర్లేదు.

నిప్పు వైపు ఇంకా తిరకాసు. గది పొడవుగా ఉంటుంది కాబట్టి ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు. లీడింగ్ ముందు వెలుగుతుంది, ట్రెయిలింగ్ కొన్ని డిగ్రీల తర్వాత. ఈ రెంటి మధ్య దూరాన్ని స్ప్లిట్ అంటారు. ఒత్తిడి పెరిగినప్పుడు స్ప్లిట్ ఎంతుండాలో, తక్కువ లోడు మీద ఎంతుండాలో కంప్యూటర్‌లో వేరే పట్టిక ఉండాలి. ట్రెయిలింగ్ పొరపాటున ముందు వెలిగితే మిగిలేది ఇంజిన్ పెట్టెలో సీళ్ల ముక్కలే. వైర్లు తారుమారైనా అదే గతి. ఫ్యాక్టరీ పద్ధతిలో రెండు లీడింగ్ ప్లగ్గులకూ ఒకే కాయిల్ ఉంటుంది, అది ఒక చుట్టుకు రెండుసార్లు మెరవాలి. 8,000 ఆర్‌పీఎం దగ్గర రెండు మెరుపుల మధ్య 3.75 మిల్లీసెకన్లే మిగులుతాయి, కాయిల్ పూర్తిగా నిండదు. ఒత్తిడి పెంచాలనుకునేవాళ్లు నాలుగు ప్లగ్గులకు నాలుగు కాయిళ్లు పెట్టేది ఇందుకే. అంటే కంప్యూటర్‌కు నాలుగు ఇగ్నిషన్ అవుట్‌పుట్లు, నాలుగు ఇంజెక్టర్ అవుట్‌పుట్లు కనీసం ఉండాలి. బూస్ట్ (టర్బో ఒత్తిడి) సోలెనాయిడ్, ఫ్యాన్, పంపు రిలే వీటికి అదనం.

ఆయిల్ పంపు సంగతి చాలామంది కొన్నాక గాని గుర్తుచేసుకోరు. అపెక్స్ సీళ్లకు జారుడు కావాలి కాబట్టి రోటరీ కొంచెం కొంచెంగా ఇంజిన్ ఆయిల్‌ను గదిలోకి పంపి కావాలనే కాలుస్తుంది. ఎఫ్‌డీలో ఆ పంపును స్టెప్పర్ మోటారుతో ఫ్యాక్టరీ కంప్యూటరే నడుపుతుంది. బయటి కంప్యూటర్లలో కొన్నే దాన్ని నడపగలవు. నడపలేనిది పెడితే పంపు తీసేసి, పెట్రోల్‌లో లీటరుకు సుమారు 8 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం అలవాటు చేసుకోవాలి. మనలో పాత టీవీఎస్ 50, రాజ్‌దూత్ నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. బంకులో ఆయిల్ కొలిచి పోయించుకున్న రోజులు గుర్తుండే ఉంటాయి. ఒక్క టాంకు మరిచిపోతే ఏమవుతుందో మేనల్లుడి తరానికి వేరే చెప్పాలి.

ఎఫ్‌డీకి ఇంకో ముడి ఉంది. అందులో రెండు టర్బోలు వంతులవారీగా పనిచేస్తాయి. సుమారు 4,500 ఆర్‌పీఎం దాకా ఒకటి, ఆపైన రెండూ. ఆ మార్పిడి నడిపేది సన్నని రబ్బరు గొట్టాల అడవి, డజనుకు పైగా సోలెనాయిడ్లు. ముప్పై ఏళ్ల వేడికి ఆ గొట్టాలు బిస్కెట్ల మాదిరి విరుగుతాయి. ఆ అమరిక ఉంచుకోవాలా, పీకేసి ఒకే పెద్ద టర్బో పెట్టుకోవాలా అన్నది తేల్చుకున్నాకే కంప్యూటర్ దుకాణం వైపు చూడాలి. ఉంచుకుంటే వంతుల టర్బోను నడపగల కంప్యూటర్లే పనికొస్తాయి, అవి తక్కువ. పీకేస్తే దాదాపు అన్నీ పనికొస్తాయి.

ఇక డబ్బాల దగ్గరికి.

ఫ్యాక్టరీ కంప్యూటర్‌కు తోడుగా మధ్యలో పెట్టే పిగ్గీబ్యాక్‌లు చవక. బెంగళూరులో మోటారు సైకిళ్లకు చేసే పవర్‌ట్రానిక్ లాంటివి వాటి చోట బాగానే పనిచేస్తాయి. టర్బో రోటరీకి మాత్రం నేను వద్దనే చెబుతాను. పాత తరం పిగ్గీబ్యాక్ గాలి సెన్సర్ సంకేతాన్ని తగ్గించి చూపి పెట్రోల్ తగ్గిస్తుంది. గాలి తక్కువే వస్తోందని నమ్మిన ఫ్యాక్టరీ కంప్యూటర్ అదే ఊపులో టైమింగ్ ముందుకు జరుపుతుంది. ఒత్తిడి ఎక్కువున్న చోట టైమింగ్ ముందుకు జరగడం కన్నా పెద్ద ప్రమాదం రోటరీకి లేదు. ఎఫ్‌సీ సొంత కంప్యూటర్ చిప్‌నే మార్చి అమ్మిన ఆర్‌టెక్ పద్ధతి దీనికన్నా ఎంతో నయం. తక్కువ ఒత్తిడితో ఆగిపోయేవాళ్లకు ఇప్పటికీ సరిపోతుంది.

జపాన్ అపెక్సీ కంపెనీ పవర్ ఎఫ్‌సీ ఒక కాలంలో ఎఫ్‌డీ లోకానికి రాజు. (పేరులో ఎఫ్‌సీ ఉందని రెండో తరం కారుదనుకోవద్దు. మేనల్లుడు కూడా అలాగే అనుకున్నాడు.) ఫ్యాక్టరీ ప్లగ్గులోనే కూర్చుంటుంది, వంతుల టర్బోను నడుపుతుంది, ఆయిల్ పంపును నడుపుతుంది. చేతిలో పట్టుకునే చిన్న తెరతో సెట్టింగులు మార్చుకోవచ్చు. దాని తయారీ ఆగిపోయింది, దొరికేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్. అన్నిటికన్నా పెద్ద లోపం కాపలా తక్కువ కావడం. ఇంధనం ఒత్తిడి పడిందని దానికి తెలిసే దారి లేదు. ఫ్యాక్టరీ టర్బోలు ఉంచుకుని, ఒత్తిడి పెంచని కారుకు పవర్ ఎఫ్‌సీ ఇప్పటికీ మర్యాదైన ఎంపిక. అంతకు మించి బలం ఆశించే కారుకు కాదు.

ఆస్ట్రేలియా వాళ్లకు రోటరీ పిచ్చి జాస్తి, ఆ పిచ్చి నుంచే మంచి కంప్యూటర్లు పుట్టాయి. సిడ్నీలో మైక్రోటెక్ డ్రాగ్ రేసు రోటరీలతో పేరు తెచ్చుకుంది. పాత మైక్రోటెక్ డబ్బాలు ఇంకా అమ్మకానికి వస్తుంటాయి, చవకగా ఉన్నాయని ఆశపడొద్దు. 1986 నుంచి ఉన్న హాల్‌టెక్ రోటరీలతోనే పెరిగిందనొచ్చు. స్ప్లిట్ పట్టిక, రెండు జతల ఇంజెక్టర్లు, రోటరీ ట్రిగ్గర్ (షాఫ్ట్ ఎక్కడుందో చెప్పే సెన్సర్) అమరికలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఎలీట్ శ్రేణి చాలా కార్లకు చాలు. నెక్సస్ ఆర్5లో ఫ్యూజు పెట్టె పని, గాలి-పెట్రోల్ నిష్పత్తి కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ల పని కూడా ఇముడుస్తారు. కొత్త వైరింగ్ మొదటి నుంచి వేసుకునేవాడికి అది లాభమే, ధర మాత్రం చిన్నది కాదు. న్యూజిలాండ్ లింక్ జీ4ఎక్స్ కూడా ఇదే స్థాయి. సాఫ్ట్‌వేర్ చదవడానికి తేలికగా ఉంటుందని ట్యూనర్లు ఇష్టపడతారు. మెల్‌బోర్న్ మోటెక్ రేసు జట్ల కంప్యూటర్. డేటా చదవగల ఇంజినీరు పక్కన ఉంటే దానికి సాటి లేదు, లేకపోతే లక్షలు పోసి కొన్న డబ్బాలో పదో వంతు కూడా వాడుకోలేం. పోలండ్ ఈసీయూమాస్టర్, స్వీడన్ మాక్స్‌ఈసీయూ వైడ్‌బ్యాండ్ నియంత్రణ తమలోనే ఇచ్చి, మధ్యస్థ ధరకు మంచి సరుకు అందిస్తున్నాయి. రోటరీ అనుభవం ఉన్న ట్యూనర్ వాటికి దొరకడమే కష్టం.

చేత్తో చేసుకునే దారి ఇంకొకటి ఉంది. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో 2001లో మెగాస్క్వర్ట్ మొదలుపెట్టారు. పలక కొనుక్కుని, భాగాలు సోల్డరింగ్ చేసుకుని సొంతంగా కంప్యూటర్ చేసుకోవచ్చని వేలమందికి నేర్పింది అదే. దాని మూడో తరంలో రోటరీ స్ప్లిట్‌కు ఏర్పాటుంది. ఆర్డునో మెగా మీద నడిచే స్పీడ్యునో ఇంకా చవక, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ, ఆర్ఎక్స్-8 అమరికలు దానికి తెలుసు. మన ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లకు ఆర్డునో కొట్టిన పిండే కాబట్టి ఇది వాళ్లను బాగా లాగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇంజిన్ కంప్యూటర్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి వీటిని మించినవి లేవు, నేర్చుకోవడానికి టర్బో రోటరీ మాత్రం తగిన బడి కాదు. పాత మారుతీ 800 ఇంజిన్‌ను బల్ల మీద పెట్టి స్పీడ్యునోతో నడపండి. అది పది తప్పులు క్షమిస్తుంది.

కాపలా అని ఇందాకటి నుంచి అంటున్నాను, అది ఎలా పనిచేస్తుందో ఒక్క క్షణం దగ్గరగా చూద్దాం. కారు మూడో గేరులో, 5,500 ఆర్‌పీఎం దగ్గర, టర్బో 0.8 బార్ ఒత్తిడితో లాగుతోంది. గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.2. రోటరీకి ఇలా చిక్కగానే ఉండాలి. పెట్రోల్ పంపు వైరు జాయింటు వేడెక్కి ఓల్టేజీ పడింది. ఇంజెక్టర్ల దగ్గర పెట్రోల్‌కూ ఇంటేక్ గాలికీ మధ్య 3 బార్ ఉండాల్సిన ఒత్తిడి తేడా 2కు దిగింది. కంప్యూటర్ ఇంజెక్టర్‌ను అంతే సేపు తెరుస్తోంది, కానీ ప్రవాహం ఒత్తిడి వర్గమూలం లెక్కన 18 శాతం తగ్గింది. నిష్పత్తి 13.7కు ఎగబాకింది. ఇంకో అర సెకను ఇలాగే సాగితే సీలు పోతుంది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంది కదా అంటే, అది ఎగ్జాస్ట్‌లో దూరంగా ఉంది. దగ్గర పెట్టలేం, బాష్ ఎల్ఎస్‌యూ 4.9 ఓర్చుకునేది 930 డిగ్రీల దాకా, టర్బో ముందు రోటరీ పొగ దాన్ని దాటిపోతుంది. ఆయిల్ కాలే ఇంజిన్‌లో ఆ సెన్సర్ త్వరగా మురికి పట్టి అబద్ధాలు చెప్పడం కూడా మామూలే. ఇంధన ఒత్తిడి సెన్సర్ నేరుగా కంప్యూటర్‌కు కలిపి ఉంటే, ఆ ఒత్తిడి తేడా 2.6 బార్ కన్నా దిగగానే బూస్ట్ తీసేసి, ఇంజిన్ కోసేసి, లైటు వెలిగించమని ఒక గీత రాసిపెట్టవచ్చు. మన్ననూర్ ఘాట్‌లో డ్రైవర్ తిట్టుకున్న పని ఇదే. ఏ డబ్బా కొన్నా ఈ గీత రాయడానికి వీలుందా, ఇంధన ఒత్తిడికి, ఆయిల్ ఒత్తిడికి, ఎగ్జాస్ట్ వేడికి, ఇంటేక్ వేడికి సరిపడా ఇన్‌పుట్లు ఉన్నాయా అన్నదే నా మొదటి ప్రశ్న. హాల్‌టెక్, లింక్, మోటెక్, ఈసీయూమాస్టర్ నెగ్గేది, పవర్ ఎఫ్‌సీ ఓడేది ఇక్కడే.

పెట్రోల్ మారితే లెక్కలన్నీ కదులుతాయి. ఎఫ్‌డీ ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు నాలుగూ కలిపి నిమిషానికి 2,800 సీసీ పోస్తాయి. 350 హార్స్‌పవర్‌కు టర్బో రోటరీ తాగుడు లెక్క వేసి, ఇంజెక్టర్లను 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదన్న నియమం కలిపితే సుమారు 2,700 సీసీలు కావాలి. సరిగ్గా అంచుమీద ఉంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడితే అదే గాలికి ఇంధనం 8, 9 శాతం ఎక్కువ పోయాలి. 2,900 దాటిపోతుంది. అంచు దాటింది, ఇంజెక్టర్లు మార్చాల్సిందే. అమెరికాలో ఇ85 పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా కాలాన్ని బట్టి మారుతుంది. దాన్ని వాడదలిస్తే శాతాన్ని కొలిచే సెన్సర్ పెట్టి, దాని సంకేతం చదవగల కంప్యూటరే కొనాలి. ఇథనాల్ నాక్‌ను అణిచిపెడుతుంది కాబట్టి రోటరీవాళ్లకు అది ప్రీతి, పంపు మీద బరువు మాత్రం పెరుగుతుంది. ఆక్టేన్ అంకెల్లో కూడా మోసపోవద్దు. టెక్సాస్ బంకు మీద 93 అని రాసి ఉంటే అది మన పద్ధతిలో 97, 98 అవుతుంది. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటిది ఎంపిక చేసిన నగరాల బంకుల్లోనే దొరుకుతుంది. మన్ననూర్ వైపు దొరికేది మామూలు పెట్రోలే.

ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 42 డిగ్రీల గాలిని టర్బో 0.8 బార్‌కు నొక్కితే అది ఇంటర్‌కూలర్‌కు చేరేసరికి 120 డిగ్రీలు దాటుతుంది. నల్లమల ఎండాకాలంలోనైనా, ఆగస్టు డాలస్‌లోనైనా అంతే. అందుకే గాలి వేడిని బట్టి టైమింగ్ వెనక్కి లాగే పట్టిక, బూస్ట్ తగ్గించే పట్టిక ఎంత వివరంగా రాయగలమో చూడాలి. బలం కొలిచే డైనో గదిలో ఫ్యాన్ గాలికి, చల్లని పొద్దున పది సెకన్లు లాగి ముగించిన ట్యూన్ ఘాట్ రోడ్డు మీద చెల్లదు. హాజీపూర్ నుంచి పైకి ఎక్కడమంటే నిమిషాల తరబడి బరువు మీద, తక్కువ వేగంలో, గాలి సరిగా తగలకుండా ఇంజిన్ పనిచేయడం. అలాంటి ఎక్కుడు మీద ఒకసారి డేటా లాగింగ్ తీసి చూడని ట్యూన్‌ను నేను పూర్తయిన ట్యూన్ అనను. (మన్ననూర్‌లోనే తీయండి అనడం లేదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసి పులులను నిద్రపోనిచ్చే అడవిలో రోటరీ టపటపలు వినిపించకపోవడమే మంచిది.)

చట్టం అమెరికాలోనూ లేకపోలేదు. కాలిఫోర్నియాలో 1976, ఆపై మోడళ్లకు పొగ పరీక్ష తప్పదు. అనుమతి సంఖ్య లేని కంప్యూటర్ రోడ్డు కారులో ఉంటే ఆ పరీక్ష దగ్గరే ఆపేస్తారు. టెక్సాస్‌లో పొగ పరీక్ష ఉన్న జిల్లాల్లో కూడా 24 ఏళ్లు దాటిన కార్లను అడగరు. మావాడి కారు ఆ వయసు దాటింది. ఆ దిగులు తీరింది.

కంప్యూటర్ల బలాబలాలను ఇంతసేపు పోల్చాక చివరికి తూకం తేల్చేది మనిషే. మంచి కంప్యూటర్‌లో చెడ్డ ట్యూన్ పెట్టి ఇంజిన్ పోగొట్టుకోవడం తేలిక. మధ్యరకం కంప్యూటర్‌కు రోటరీ తెలిసిన ట్యూనర్ ట్యూన్ రాస్తే ఇంజిన్ ఏళ్లు నడుస్తుంది. రోటరీ తెలిసిన ట్యూనర్ అంటే పిస్టన్ కార్లలో పేరున్నవాడు కాదు. గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉంటాయి. ట్రెయిలింగ్ స్ప్లిట్ ఒత్తిడి మీద ఎంత పెడతారు? మొదటి స్టార్ట్‌కు ముందు టైమింగ్ లైటుతో పుల్లీ మీద గుర్తు సరిచూస్తారా? ఇంధన ఒత్తిడి పడితే ఏం చేయమని రాస్తారు? పోర్టింగ్ చేసిన (గాలి దారులు వెడల్పు చేసిన) ఇంజిన్ ఐడ్లింగ్‌లో వాక్యూమ్ ఊగుతుంటే దేన్ని నమ్మి ఇంధనం పోస్తారు? వీటికి తడుముకోకుండా జవాబిచ్చేవాడు ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ రోజూ వాడతాడో అదే కొనడం తెలివి. ఇంటర్నెట్‌లో ల్యాప్‌టాప్ పంచుకుని దూరం నుంచి ట్యూన్ చేసేవాళ్లు ఇప్పుడు దండిగా ఉన్నారు. ఐడ్లింగ్, కోల్డ్ స్టార్ట్, నిదానపు నడక వరకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. ఒత్తిడి మీద లాగేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినే చెవి కారు పక్కనే ఉండాలి.

మావాడి కారు ఎఫ్‌డీ. వంతుల టర్బోలు ఇంతకుముందు యజమానే పీకేసి ఒకే టర్బో పెట్టాడు, ఆయిల్ పంపు కూడా లేదు. 350 హార్స్‌పవర్ దగ్గర ఆగుతానంటున్నాడు. అతని ఇంటికి గంట దూరంలో రోటరీలే ఎక్కువగా చేసే ట్యూనర్ ఉన్నాడు, అతని చెయ్యి హాల్‌టెక్ మీద ఆడుతుంది. కాబట్టి హాల్‌టెక్ ఎలీట్ అని చెప్పాను. అదే ట్యూనర్ లింక్ మనిషైతే లింక్ అనేవాణ్ణి. నెక్సస్ కావాలని తహతహలాడాడు గానీ, ఆ తేడా డబ్బుతో పెద్ద ఇంజెక్టర్లు, ఇంధన ఒత్తిడి సెన్సర్, పంపుకు మందమైన కొత్త వైరు, నాలుగు కాయిళ్లు వస్తాయని లెక్క వేసి పంపాను. "సరే మామా, ముందు వైరు మారుస్తా" అని మెసేజ్ పెట్టాడు.